వేలు శుభ్రంగా లేదు

వేలిముద్ర మిషన్‌ని కంప్యూటర్‌కు తగిలిస్తే సరిపోదు. రెండింటికీ మాట కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం ఉండాలి. ఆ డ్రైవర్ తరఫున స్క్రీన్ మీద కనిపించే బటన్లు, సందేశాలు తయారుచేయడం నా పని. పటమటలో మా ఫ్లాట్ ముందుగదే నా ఆఫీసు.

ముద్ర సరిగా పడకపోతే డ్రైవర్ ఒక్కటే కబురు పంపుతుంది, బొమ్మ బాగాలేదని. మిషన్ అద్దం మీద జిడ్డు ఉండొచ్చు, వేలు పొడిబారి ఉండొచ్చు, వయసుకి గీతలు అరిగిపోయి ఉండొచ్చు. ఇవన్నీ ఎవరు రాస్తారులే అని ఒక్క ముక్కలో తేల్చేశాను: "వేలు శుభ్రంగా లేదు. తుడుచుకుని మళ్లీ పెట్టండి." ఎంత తేలిక తెలుగో అని మురిసిపోయాను కూడా.

మా అత్తగారు మా దగ్గరే ఉంటారు గానీ ఆవిడ పెన్షన్ ఖాతా ఇంకా పామర్రు బ్యాంకులోనే ఉంది. మొన్న వేసవిలో తీసుకెళ్లాను. పాల ప్యాకెట్టు కూడా కడగందే ఫ్రిజ్‌లో పెట్టనివ్వని మనిషి. నా వంటగట్టు మీద వేలితో రాసి చూసి, ఏమీ అనకుండా గుడ్డ అందుకునే మనిషి. ఆవిడ వేలు పెట్టగానే మిషన్ ఎర్రగా వెలిగింది. కౌంటర్‌లో ఉద్యోగి స్క్రీన్ చూసి, వరుసలో అందరికీ వినపడేలా చదివాడు.

"వేలు శుభ్రంగా లేదంటండి మామ్మగారూ. తుడుచుకుని మళ్లీ పెట్టండి."

నాకు ముందు నవ్వొచ్చింది. భలే అయిందిలే అనుకున్నాను. మరుక్షణం ఆ వాక్యం నాదేనని గుర్తుపట్టాను. ఇక తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అత్తగారు కొంగుతో తుడుచుకుని పెట్టారు. మళ్లీ ఎరుపే. వెనక ఎవరో విసుక్కున్నారు. ఆవిడ బయట కుళాయి దగ్గర చెయ్యి కడుక్కొచ్చారు. "పొద్దున్నే తలంటుకున్నానమ్మా," అని అడగనివాళ్లకి కూడా చెబుతున్నారు. మళ్లీ ఎరుపే. అప్పుడు నేను వంగి చూస్తే, అద్దం నిండా ఎవరెవరి జిడ్డో. నా చున్నీతో తుడిచాను. ఆకుపచ్చ లైటు వెలిగింది.

తిరుగు బస్సులో ఆవిడ వేళ్లు తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చున్నారు. ఉయ్యూరు దాటాక, "సబ్బుతో కడుక్కోవాల్సింది. నాదే తప్పు," అన్నారు.

"మీ తప్పు కాదు అత్తయ్యగారూ. మురికి మిషన్‌ది. ఆ మాట రాసింది నేనే."

"నన్ను వెనకేసుకు రాకమ్మా. మిషన్‌కి నా మీద పగేముంటుంది?"

ఇంటికి రాగానే ఆ సందేశం మార్చాను. ఇప్పుడది, "ముద్ర పడలేదు. మిషన్ అద్దం తుడిచి మళ్లీ చూడండి," అంటుంది. ఆ మార్పు అత్తగారి దాకా చేరలేదు. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ బటన్ నొక్కే ముందు కూడా ఆవిడ వేలు కొంగుకి తుడుచుకుంటున్నారు.