పెట్టెలోంచి ఒకటి తీసే పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందన్న కబురు నేను తెరిచిన పెట్టె ముందు కూర్చుని ఉండగా అందింది. కువైట్ ప్రయాణానికి సామానంతా మంచం మీద పరుచుకుని, రాగిపిండి తగ్గించాలా, కుక్కర్ మానేయాలా అని నాతో నేనే పోట్లాడుకుంటున్నాను. మా అమ్మ గడప దగ్గర నిలబడి, "మే, పెద్దమ్మ పోయిందంట" అంది. "సాయంత్రం వస్తానన్నది కదా" అన్నాను, అదేదో జవాబైనట్టు. ఆ సాయంత్రం ఆమె వచ్చి నా పెట్టెలోంచి ఒక వస్తువు తీయాల్సి ఉంది.

పాకాలలో మా వీధి నుంచి దూరదేశం పోయే ఎవరికైనా పెట్టె సర్దేది ఆమే. రక్తసంబంధం ఏమీ లేదు, వీధి అందరికీ పెద్దమ్మ, అంతే. మనం సర్దిందంతా ముందు బయటికి లాగేసేది. "ఇంత ఉప్పు ఎందుకు మే, ఆడ సముద్రం లేదా?" అని ఎగతాళి చేసేది. చొక్కాలు చుట్టలు చుట్టి, ఊరగాయ డబ్బాకు కవరు మీద కవరు బిగించి, బూట్లలో మాత్రల పొట్లాలు దూర్చి, అంతా అయ్యాక కళ్ళు మూసుకుని పెట్టెలోకి చేయి పోనిచ్చేది. చేతికి తగిలిన గుడ్డ ఒకటి పైకి లాగి భుజాన వేసుకునేది. కొత్తదైనా, ఖరీదైనదైనా ఇక ఇవ్వదు. అది ఆమె ఇంట్లో ఇనుప ట్రంకులోకి చేరేది.

"నీదొకటి ఈడుంటే అది నిన్ను పిలస్తానే ఉంటాది. రాకుండా యాడికి పోతావు?" అనేది.

ఈ అలవాటు ఎక్కడిదని ఒకసారి అడిగాను. వక్క కొరుకుతూ తాపీగా చెప్పింది. "మా ఇంటాయన దుబాయికి పోయేటప్పుడు ఒక్కటీ ఇడిసిపెట్టకుండా అన్నీ ఎత్తుకొని పోయినాడు. ఇంగ ఈడికి రావాల్సిన పనేముండాది ఆయనకు?" ఆయన మళ్ళీ రాలేదు. ఉన్నాడో లేడో కూడా కబురు లేదు. చెప్పి, నవ్వి, ఇంకో ఆకుకు సున్నం రాసుకుంది.

నేను నర్సును. ఇవన్నీ చాదస్తం అనుకునేదాన్ని. కానీ ఆమె పెరట్లో తీగ మీద మగవాళ్ళ చొక్కా ఆరితే మా వీధి మొత్తం నిలబడి చూసేది. ట్రంకులో మడిచి పెట్టిన గుడ్డకు ఎప్పుడో ఒకరోజు చెమట పడుతుందట. అప్పుడు దాన్ని ఉతికి ఆరేసేది. ఆరేసిందంటే ఆ మనిషి బయల్దేరినట్టే. మూలింటి కుర్రాడు చెప్పాపెట్టకుండా సెలవు మీద వచ్చి దిగిన రోజు, వాడి లుంగీ ఇంకా తీగ మీద తడితడిగానే ఉంది.

ఒకసారి నన్ను పిలిచి, చారల చొక్కా ఒకటి ముక్కు దగ్గర పెట్టింది. కువైట్‌లో లారీ నడిపే మా వీధి డ్రైవరుది. నెలల తరబడి ఎవరూ ముట్టనిది. చంకల దగ్గర పచ్చిగా తడి, చెమట వాసన, దాని కింద సన్నగా డీజిల్. "ట్రంకులో తేమ చేరింది పెద్దమ్మా" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు. తీగ మీద ఆ చొక్కా చూసి డ్రైవరు తల్లి సంబరంగా బియ్యం నానబోసుకుంది. మనిషి వచ్చాడు కూడా, చెక్కపెట్టెలో. ఆ రోజు పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుని, "వస్తారని చెప్తాది మే. ఎట్టొస్తారో చెప్పదు" అంది.

ఇదంతా తెలిసి, నా పెట్టెలోంచి ఏదీ తీయకుండా ఆమె వెళ్ళిపోతే నాకెలా ఉంటుంది? భయమేసింది. దాచుకోవడమెందుకు, ఏడుపు కన్నా ముందు భయమే వచ్చింది. నేనే ఒకటి తీసి ఇంట్లో వదిలిపోదామంటే, ఎవరి వస్తువు వాళ్ళు తీసుకోకూడదు. మా అమ్మను తీయమంటే, చేయి పెట్టి, తీయడానికి మనసు రాక, ఇంకో పొట్లం పసుపు దూర్చింది. అమ్మలతో ఈ పని కాదు.

పెద్దమ్మ గుడ్డలన్నీ మూటగట్టి వల్లకాటికి పంపుతున్నారు. ఆమెదీ దూరప్రయాణమే కదా అనిపించింది. కళ్ళు మూసుకుని ఆ మూటలో చేయి పెట్టాను. కాఫీరంగు రవిక వచ్చింది, ఒక కొక్కెం ఊడిపోయి పిన్నీసు పెట్టుకున్నది. "సచ్చినోళ్ళ గుడ్డ ఎత్తుకొని ఇమానం ఎక్కుతావా మే?" అని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. రవికను పెట్టె అడుగున, తెల్ల యూనిఫాం కింద పెట్టుకున్నాను. ట్రంకులోని గుడ్డలను ఎవరి ఇంటివాళ్ళు వాళ్ళు తీసుకెళ్ళారు. నాది అందులో ఏమీ లేదు.

ఇక్కడ కువైట్‌లో, గదిలో నాతో ఒక మలయాళీ నర్సు ఉంటుంది. నిన్న డ్యూటీ నుంచి వచ్చి, ఎర్రకారం కోసం పెట్టె తెరిచాను. ఆకువక్క వాసన గుప్పుమంది. మా గదిలో ఎవరూ ఆకు వేయరు. యూనిఫాం పొడిగానే ఉంది, దాని కింద రవిక చంకలు మాత్రం తడిసి ఉన్నాయి. ఈసారి తేమ అనలేదు. బకెట్లో సబ్బునీళ్ళు కలిపి, పిన్నీసు తీసి, ఉతికి, స్నానాలగదిలో కడ్డీకి ఆరేశాను. నీళ్ళు టపటపా కారుతుంటే ఆ అమ్మాయి ఎవరిదని అడిగింది. మా పెద్దమ్మదన్నాను. మీ పెద్దమ్మ వస్తోందా అంది. అవునన్నాను.

ఎట్టొస్తుందో నాకు తెలియదు. ఎందుకొస్తుందో తెలుసు. చేస్తానన్న పని మిగిలిపోతే ఆమెకు అన్నం సహించదు. మంచం కిందినుంచి పెట్టె బయటికి లాగి, మూత తెరిచి, తలుపు వైపు తిప్పి పెట్టాను. ఏది తీసుకుంటుందో ఆమె ఇష్టం.