గ్రేకా మూసిన కిటికీలు

తల్లిపాలు అమృతమని పాఠాలు చెప్పేవాళ్లు ఒక్కసారి ఇటలీ దీవి సార్డీనియాలోని మా కొండఊరికొచ్చి గ్రేకాను కలిస్తే బాగుంటుంది.

గ్రేకా చిన్నప్పుడే ఆమె తమ్ముడు ఫావా చిక్కుళ్లు తిని చనిపోయాడు. ఒళ్లు పచ్చబడింది, మూత్రం ఎర్ర ద్రాక్షసారా రంగుకు తిరిగింది, అంతే. ఆ చిక్కుడు కొన్ని ఇళ్ల పిల్లల నెత్తురు విరిచేస్తుందని మావాళ్లకు తరతరాలుగా తెలుసు. తినకపోయినా సరే, పూల గాలి సోకితే చాలని ఇంకా గట్టిగా తెలుసు.

అందుకే కొడుకు ప్రియామో పుట్టగానే గ్రేకా పెరట్లో చిక్కుడు మొక్కలన్నీ పీకించింది. ఊరి పొలాల్లో చిక్కుడు పూత మొదలైన దగ్గర్నుంచి కిటికీలు తెరవలేదు.

"కిటికీలేసి మాగబెట్టడానికి వాడేమన్నా జున్నుముద్దటే?" అంది ఆమె అత్త, ముందికా. "పన్నే రానోడు చిక్కుళ్లెట్టా నవుల్తాడు?"

"గాలి తగిల్తే చాలత్తా."

"సర్లే, వాడి సంగతట్టుంచు. నువ్వు తిను. పాలు పడాలంటే లేతకాయలే మందు."

అత్త పొలం నుంచి తెచ్చిన పచ్చికాయలను గ్రేకా గడప దాటి, గోడవతల కూర్చుని వలుచుకుంది. తనకెప్పుడూ అవి చేటు చెయ్యలేదు; గొర్రెపాల జున్నుతో కడుపునిండా తింది. చేతులు సబ్బుతో రుద్ది కడిగి, లోపలికొచ్చి, తలుపేసి, పిల్లాడికి పాలిచ్చింది.

పిల్లాడి మూత్రపు గుడ్డలు ఎర్రబడ్డాక పట్నం ఆసుపత్రికి పరిగెత్తారు.

"వీడేం తిన్నాడమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఏం తింటాడు బాబూ, నా పాలు తప్ప. కిటికీ కూడా తియ్యలేదు."

"నువ్వేం తిన్నావు?"

గ్రేకా చెప్పింది. చెబుతూ చెబుతూనే ఆగిపోయింది.

"పూల వల్ల కాదమ్మా. నువ్వు తిన్నదే నీ పాలల్లోంచి వాడికి దిగింది. ఇంక పాలు పట్టకు," అన్నాడాయన.

నెత్తురు ఎక్కించారు. ఎక్కించినా చాలలేదు. పిల్లాడు ఆకలికి ఏడుస్తుంటే, రవిక తడిసిపోతుంటే, గ్రేకా చేతులు కట్టుకుని పక్కనే కూర్చుంది. మధ్యాహ్నానికి ఏడుపు ఆగింది.

దేవుడు తనకు నచ్చినవాణ్ణి పిలుచుకున్నాడని పాదిరీ ఓదార్చాడు. ఆ కాయలు వలిచింది దేవుడు కాదు.

గ్రేకా ఇప్పుడు ముసలిది. ఇంట్లో పసివాళ్లెవరూ లేరు. అయినా చిక్కుడు పూసిందంటే ఆ కిటికీలు మూతపడతాయి.

"పూల వల్ల కాదని డాక్టరు చెప్పాడుగా పెద్దమ్మా," అన్నాను మొన్న.

"చెప్పాడే. మరి ఏం మూసుకోమంటావ్?" అంది.