కాంటాబ్రియన్ కొండల మీద ‘మీరు ముందండి’

ఆ రోజుల్లో ప్రపంచంలో నాకు తెలియని కొండ లేదు. ఎక్కిన కొండ మాత్రం కోరుకొండ ఒక్కటే, అదీ సగం మెట్ల దగ్గర కూలబడి మజ్జిగ తాగాక. రాజమండ్రిలో ఒక కాలేజీలో కొత్తగా భూగోళం పాఠాలు చెబుతున్నాను. సరిగ్గా అప్పుడే, భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బాబాయి, చెరువుల యంత్రాల ప్రదర్శన చూడడానికి స్పెయిన్ ఉత్తర తీరానికి బయలుదేరారు. “ఈయన్ని ఒక్కర్నీ పంపితే విమానం దిగినచోటే నిలబడి కబుర్లు చెబుతూ ఉండిపోతారే” అని పిన్ని నన్ను తోడు పంపింది.

ప్రదర్శన అయ్యాక ఒక రోజు ఖాళీ దొరికింది. ఆ తీరాన్ని ఆనుకునే కాంటాబ్రియన్ పర్వతాలు. ఇంకేం, బాబాయిని బస్సెక్కించి దారి పొడవునా పాఠం చెప్పాను. సముద్రం మీంచి వచ్చే మబ్బుల్ని ఈ కొండలు ఆపేస్తాయని, అందుకే ఇటువైపు పచ్చటి బీచ్ చెట్ల అడవులు, అటువైపు ఎండు నేల అని, ఎలుగుబంట్లు ఉన్నాయి కానీ వట్టి సిగ్గరులని. (అది నేను పుస్తకంలో చదివాను. ఎలుగుబంట్లు చదివాయో లేదో ఆలోచించలేదు.) బాబాయి అన్నిటికీ “ఆఁ, ఆఁ” అన్నారు. ఆయన్ని కదిలించింది ఒక్కటే. బస్సు దిగి నడుస్తుంటే, బాట పక్కన పారే వాగు ఉన్నట్టుండి ఒక రాతి బొరియలో దూరి మాయమైంది.

“నీళ్ళేవీ అమ్మడూ?”

“సున్నపురాయి కదండీ, లోపలంతా గుహలు. కిందెక్కడో మళ్ళీ పైకొస్తాయి.”

“ఇంత నీరు ఇలా పోతుంటే ఇరిగేషన్ వాళ్ళు చూస్తూ ఊరుకున్నారా?”

నీళ్ళందని కాలువ చివరి భూముల మనిషి. చాలాసేపు తేరుకోలేదు.

ఇంకా పైకెక్కాక, సముద్రం వైపు నుంచి తెల్లటి మబ్బు వాలు పట్టుకుని మా మీదికి రావడం కనిపించింది. “అదిగో బాబాయ్, నేను చెప్పిన మబ్బు!” అని చప్పట్లు కొట్టాను. కొట్టడం పూర్తయ్యేలోగా నా చేతులే నాకు కనబడలేదు.

“నువ్వు చెప్పింది ఇదేనా?”

“ఇదేనండి.”

“ఎప్పుడు పోతుంది?”

“అది సిలబస్‌లో లేదండి.”

ఫోన్లో సిగ్నల్ లేదు. బాబాయి కండువా కొస నా చేతికిచ్చి, “పదమ్మా, చదువుకున్నదానివి, నువ్వు ముందు నడు” అన్నారు. “పెద్దవారు, మీరు ముందండి” అన్నాను. “దారి నీకు తెలుసు.” “అయినా మీరుండగా నేను ముందేంటండీ?” (మావైపు గుమ్మాల దగ్గర ఈ వరసన అన్నం చల్లారిపోవడం మామూలే.) అలా ఉన్నచోటే నిలబడి వాదించుకుంటుంటే గంటలు వినిపించాయి.

“గుడుందమ్మడూ!” అని బాబాయి అటు తిరిగి దణ్ణం పెట్టారు. ఆ మబ్బులోంచి గుబురు జుట్టుతో, దూడంత జంతువు ఒకటి మా వైపు వచ్చింది. సిగ్గు పడుతున్నట్టు కనబడలేదు. నేను బాబాయి వెనక్కి వెళ్ళాను. బాబాయి, అలవాటు కొద్దీ, “నమస్కారమండీ” అన్నారు. అది మొరిగింది. తోడేళ్ళు రాకుండా మంద వెంట తిరిగే కుక్క! దాని వెనకాల మెడల్లో గంటలతో ఆవులు, ఆవుల వెనక కర్ర పట్టుకుని ఒక ముసలావిడ. ఆవిడ గబగబా వచ్చి మా ఇద్దరి రెక్కలూ గట్టిగా పట్టుకుని, ముందుకు చూపించింది. మాకేం అర్థం కాక, మర్యాదగా నవ్వాం.

కాసేపటికి మబ్బు విడిపోయింది. మేం ఒకరినొకరు ముందు నడవమన్న వైపు, నాలుగడుగుల అవతల, నేల లేదు. ఎక్కడో కింద అరచేతిలో పట్టేంత సరస్సు.

బాబాయి కూర్చుండిపోయారు. నేనూ కూర్చున్నాను.

“నువ్వు నా మాట విని ఉంటే...” అన్నారు.

“మీరు నా మాట విన్నా అంతేగా బాబాయ్” అన్నాను, ఏడుస్తూ.

తర్వాత ఆయన లేచి ఆవిడతో తెలుగులో, “చాలా సాయం చేశారండి. మావైపు వచ్చినప్పుడు తప్పకుండా భోజనానికి రావాలి” అన్నారు. ఆవిడ స్పానిష్‌లో అంతకంటే పెద్ద జవాబే చెప్పింది. తోడొచ్చిన నాకు పనేం లేకపోయింది.

తిరిగి వస్తుంటే బస్సులో బాబాయి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. కిటికీలోంచి సాయంకాలపు ఎండలో కొండలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. వాటి పేర్లు, ఎత్తులు నాకు నోటికి వచ్చు. లేపి చెప్పాలనిపించలేదు. ఆ ఎత్తులు ఇప్పుడు సగం మరిచిపోయాను కానీ, భుజం నొప్పెడుతున్నా కదలకుండా, నోరు మెదపకుండా, కొండల్ని ఊరికే చూస్తూ కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే ముచ్చటేస్తుంది.