చిడతలు మింగిన పెట్టె

మా ఇంట్లో చెవులున్నది నాకొక్కదానికే అని పెళ్లయిన కొత్తలోనే తేలిపోయింది. పేపరు చేతిలో ఉంటే కుక్కర్ ఎన్ని కూతలు పెట్టినా మా ఆయనకు పట్టదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అని ఎన్నేళ్లు ఏడిపించానో! ఆయన నవ్వేసేవారు. నేను గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, బషీర్‌బాగ్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక డాక్టరు గారి దగ్గర పెద్ద స్పీకర్లు కొంటానంటే అప్పుడూ నవ్వి ఊరుకున్నారు.

అవి మామూలు స్పీకర్లు కావు. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాయి. పాడేవాడు గుటక మింగితే అదీ వినిపిస్తుంది. అలాంటి వాటిల్లో మొదటి రోజే నాకొక తేడా తగిలింది. చిన్నప్పటి నుంచి వింటున్న భజన ఒకటి సీడీ మీద ఉంది. చరణం అందుకోగానే చిడతలు గలగలమనాలి. గొంతు ఉంది, డోలక్ ఉంది, హార్మోనియం తిత్తి కదలడం కూడా తెలుస్తోంది. చిడతలే లేవు. స్పీకర్లు అబద్ధమాడవు కాబట్టి దొంగ మా పాత సీడీ ప్లేయరే అయి ఉండాలి.

కొత్తది చూద్దామని ఆబిడ్స్‌లో ఆడియో దుకాణానికి వెళ్లాం. స్పీకర్లు నావి, దుకాణం అతను మాట్లాడేదేమో మా ఆయనతో. "సార్, గీ ప్లేయర్ ఇనున్రి. మీ స్పీకర్లకు గిదే కరెక్టు." ఖరీదైనది పెట్టినప్పుడల్లా వాల్యూం ఓ రవ్వ పెంచుతున్నాడు. గట్టిగా వినబడేదే మంచిదనిపిస్తుంది, ఆ కిటుకు నాకు తెలియదా! "జర ఆ చెయ్యి తియ్యి బాబూ," అన్నాను. అతని ముఖం మాడిపోయింది. నచ్చకపోతే వాపసు తీసుకోవాలనే షరతు మీద ఆ ప్లేయర్ తెచ్చాం, చిడతలు లేవని తిరిగి ఇచ్చేశాం. తర్వాత డాక్ అనే చిన్న పెట్టె తెచ్చాం. సీడీలో ఉన్న అంకెలను పాటగా మార్చేది అదేనట. అదీ చిడతలను మింగేసింది.

అప్పుడు నాంపల్లిలో పాత సామాన్లు అమ్మే మనిషి దగ్గరికి పోయాం. "క్యాసెట్ల ఉన్న మజా సీడీల యాడుంటదమ్మా? గీ డెక్ తీస్కపోన్రి," అన్నాడు. పెట్టె పాతది, వెనక స్క్రూలు మాత్రం తళతళలాడుతున్నాయి.

"ఎన్నిసార్లు ఇప్పినవ్ దీన్ని?"

"మీరు పోలీసా ఏంది అమ్మా?"

ఈ తిరుగుళ్లలో అసలు అనుమానం మా ఆయన మీదికి మళ్లింది. చాదర్‌ఘాట్ ఆటోకు కూడా బేరమాడే మనిషి, ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఎండలో నోరెత్తకుండా నడిచారు. నేను ఏ పెట్టెను తిట్టినా "ఔ, మంచిగ లేదు" అనేస్తున్నారు. ఇన్నేళ్ల కాపురంలో నా మాటకు ఇంత తొందరగా తలూపింది లేదు. ఇందులో ఏదో మతలబు ఉంది. దుకాణాల వాళ్లతో కమీషన్ గానీ మాట్లాడుకున్నారా?

వాపసు షరతు మీదే ఆ డెక్ కూడా తెచ్చాం. ఆ సాయంత్రం దాంట్లో అదే భజన పాత క్యాసెట్ పెట్టాను.

"చిడతలు ఇనబడ్తున్నయా మీకు?"

"లేదు," అన్నారు. అన్నారు గానీ వేలు మోకాలి మీద పడుతోంది. డోలక్ దెబ్బకు కాదు. సరిగ్గా చిడతలు పడాల్సిన చోట.

పాట అలవాటై కొడుతున్నారేమోలే అనుకున్నాను. అయినా మనసు ఊరుకోదే! క్యాసెట్ సుయ్‌మనే రొదను తగ్గించే మీట ఒకటి డెక్ మీద ఉంది. ఖాళీ క్యాసెట్ పెట్టి, ఆయన్ని గోడవైపు తిరిగి కూర్చోమన్నాను. మీట నొక్కాను. "తగ్గింది," అన్నారు. వదిలాను. "మల్ల మొదలైంది." ఊరికే డెక్ మీద వేలు ఆనించాను, నొక్కలేదు. "గట్లనే ఉంది." ఒక్కటీ తప్పలేదు. నాకు మాత్రం అన్నిసార్లూ ఒకటే నిశ్శబ్దం.

డెక్ ఆపేశాను. "ఎప్పటి సంది తెలుసు మీకు?"

"ఫ్రిజ్ తలుపు సరిగ పడకుంటే సన్నగ కూస్తది గదా. నువ్వు ఎదురుంగ నిలవడి గూడ మూస్తలేవు. గప్పటి సంది."

"మరి చెప్పొద్దా నాకు?"

ఆయన ఇంకా గోడవైపే చూస్తున్నారు. "నువ్వు నన్ను చెవిటోడంటే నవ్వొచ్చేది. నేను నిన్నంటే నవ్వొస్తదా?"

ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "ఇన్ని దుకాణాలు తిరగనిచ్చిన్రు గదా, మనిషేనా మీరు!" అని అరిచాను. అరిచి, ముఖం కడుక్కుని వచ్చి, మా పాత ప్లేయర్‌ను, డాక్‌ను, డెక్‌ను మార్చి మార్చి పెట్టాను. "ఏది ఉంచుకుందామో మీరే చెప్పున్రి," అన్నాను. కర్టెన్ రంగు కూడా ఆయన్ని ఎంచుకోనిచ్చిన దాన్ని కాను నేను. ఆయన కళ్లు మూసుకుని అన్నీ విన్నారు.

"మన పాతదే. చిడతలు దాంట్ల సాఫ్‌గ ఉన్నయ్."

మిగతావి వాపసు ఇచ్చేశాం. చెవుల డాక్టరు దగ్గర ఆయనే నా పేరు రాయించారు. రోజూ సాయంత్రం పాత ప్లేయర్‌లో ఆ భజన పెట్టి, ఆయన మోకాలి వైపు చూస్తూ కూర్చుంటాను. వేలు పడితే చిడత పడినట్టు. మధ్యమధ్యలో లయ తప్పుతున్నారని నా అనుమానం. కానీ ఎవరిని అడగను?