అద్దం మాదిరి తోమిన డ్రమ్ము

ఈ పొద్దు నాగప్ప శెనక్కాయల లారీ సోమందేపల్లెలో నా మెకానిక్ షెడ్డు దాటి, ఎదురుగా మస్తాన్ కొత్తగా పెట్టిన షెడ్డు ముందర నిలబడింది. ఆడ ట్రాన్సిస్టరు కూడా పాడతాంది. నా కడుపు భగ్గుమంది.

బ్రేకు తొక్కితే చాలు, ఆ లారీ కీచుమని అరుస్తాది. రెండుసార్లు నేనే బ్రేకు లైనర్లు మార్చినా. ఆ లైనర్లు పట్టుకునే బ్రేకు డ్రమ్ములను కిరసనాయిలుతో అద్దం మాదిరి మెరిసేదాకా తోమినా. అయినా అరుపు మానలేదు.

టీ తాగే సాకుతో ఆడికి పోయినా. మస్తాన్ డ్రమ్ము ఇప్పి, లోపల వేలితో రాసి చూసి, ఉప్పుకాగితంతో ఆ మెరుపంతా గీకేస్తాండాడు.

"ఏమప్పా, నున్నగుండేదాన్ని గరుకు చేస్తాండావే?" అని ఉండబట్టలేక అడిగినా.

"నున్నగుంటే లైనరు జారి అరుస్తాదన్నా. గరుకుంటేనే పట్టుకుంటాది. అయినా దీన్ని ఇంత బాగా తోమినోడు ఎవురో గానీ, శానా ఓపికమంతుడు" అన్నాడు.

తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో! నాగప్ప మాత్రం నా మొగం చూడకుండా టైర్లు చూసుకుంటా నిలబడినాడు.

ఇన్నాళ్లూ ఆ అరుపు వినబడితే చాలు, నాగప్ప వచ్చినాడని స్టూలు తుడిచి పెట్టేవాణ్ణి. సాయంత్రం అదే లారీ నా షెడ్డు ముందర సప్పుడు లేకుండా బ్రేకు వేసి, గేదెకు దారిచ్చి పోయిందంట. నేను తలెత్తేసరికి ఎనక దుమ్ము మాత్రం కనపడింది.

లారీ అరుపు మానింది. ఇంగ నా కడుపులో కీచుమంటాండేదానికి ఏ ఉప్పుకాగితం రుద్దాలో, తెలిసినోళ్లు చెప్పండప్పా.