వేలెడంత మసక

ఎండకి వేడెక్కిన ప్లాస్టిక్ మీద టూత్‌పేస్టు రుద్దితే ఒక వింత వాసన వస్తుంది. రబ్బరు చెప్పు మీద పుదీనా పచ్చడి ఒలికితే ఇలాగే ఉంటుందేమో. ఈ ఉదయం మా పాత కారు ముందు గొంతుకూర్చుని, మసకబారిన హెడ్‌లైటుని తడిగుడ్డతో గుండ్రంగా రుద్దుతుంటే ఆ వాసన ముక్కుకి తగిలింది. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "పేస్టు మల్లీ మాయమైపోనాది. రేపు పల్లు దేంతో తోముకోవాల?" అంది. నేను గుడ్డ మళ్ళీ తడుపుకున్నాను. ఆ వాసన తగిలితే నేను కాసేపు మా వీధిలో ఉండను. శ్రీకాకుళంలో గార రోడ్డు పక్కన, రేకుల షెడ్డు కింద, పైడమ్మప్ప కొట్లో ఉంటాను.

మా వైపు అక్కని అప్ప అంటాం. పైడమ్మ నాకు చుట్టం కాదు, పని ఇచ్చిన యజమాని. భర్త పోయాక ఆయన పెట్టిన పాత కార్ల సామాన్ల కొట్టుని ఆవిడే నడిపింది. నేను చేరేనాటికి నాకు ముప్ఫై దాటాయి. మాది నెల్లిమర్ల. నాన్నది కిరాణా కొట్టు, చిన్నాన్నది బట్టల కొట్టు, మేనమామది ఇనుప సామాను. మా ఇళ్ళలో పిల్లలకి నడక కంటే ముందు బేరం వస్తుంది. నేనూ ఒక చెప్పుల దుకాణం పెట్టాను. వచ్చిన ప్రతివాడినీ బేరంలో ఓడించాను. ఓడినవాడు మళ్ళీ రాడని తెలిసేసరికి దుకాణం మూతపడింది. ఈ సంగతి పైడమ్మప్పకి చెప్పలేదు. బేరంలో నన్ను మించినవాడు లేడని మాత్రం చెప్పాను. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "బేరం సరేరా సత్యం. సూడ్డం వస్తాదేటి నీకు?" అని అడిగింది.

చూడటమంటే ఏమిటో మర్నాడు తెలిసింది. షెడ్డు పక్కన నిచ్చెన వేసి నన్ను పైకి ఎక్కించింది. అక్కడ రేకుల మీద వెలిసిపోయిన నల్ల బంపరొకటి ఎండలో పడుకుని ఉంది. దాన్ని టేపుతో నాలుగు భాగాలు చేసి, ఒకదానికి కొబ్బరినూనె, ఒకదానికి బూటు పాలిష్, ఒకదానికి బల్లలకి వేసే పాలిష్ రాసింది. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసి, ఏం మారిందో చెప్పడం నా మొదటి ఉద్యోగం. కొబ్బరినూనె భాగం మొదటిరోజు పెళ్ళికొడుకులా మెరిసింది. నాలుగోరోజుకి గార రోడ్డు దుమ్మంతా దానికే అంటుకుంది. బూటు పాలిష్ వాన పడేదాకా బాగానే ఉంది. వాన పడ్డాక నల్లగా కారి, కింద ఆరేసుకున్న నా చొక్కా మీదికి దిగింది. బల్లల పాలిష్ మరికొన్నాళ్ళు నిలిచింది. నాలుగో భాగానికి మాత్రం ఏమీ రాయలేదు. "దీన్ని మర్సిపోనావప్పా," అన్నాను. "మర్సిపోలేదు. అది లేకపోతే మిగతావి ఎంత మారినాయో దేన్ని సూసి సెప్తావురా?" అంది. నాకు అర్థమైందనుకున్నాను.

ఆ తరవాత హెడ్‌లైట్లు నేర్పింది. ప్లాస్టిక్కే అయినా మావాళ్ళు దాన్ని లైటు అద్దమనే అంటారు. ఏళ్ళ తరబడి ఎండ తగిలి పైపూత చచ్చిపోతే, పసుపుపచ్చగా పాలపొర కమ్మినట్టు అయిపోతుంది. ముందు సబ్బునీళ్ళతో కడగాలి. తెల్ల పేస్టు కొద్దికొద్దిగా వేసి, తడిగుడ్డతో చేయి నొప్పెట్టేదాకా రుద్దాలి. తుడిచి ఆరాక, ఎండకి అడ్డం పడే పూత పైన వెయ్యాలి. పూత లేకపోతే ఆ మెరుపు రెండు మూడు నెలల ముచ్చటే. పొర లోపలివైపు పట్టిందైతే పైన ఎంత రుద్దినా చేతికి వాసన తప్ప ఏమీ మిగలదు. పేస్టు కన్నా గట్టిగా పనిచేస్తుందని నేనొకసారి పళ్ళపొడి వాడాను. అద్దం నిండా గీతలు పడ్డాయి. అప్ప తిట్టలేదు. దాన్ని కొట్లో మేకుకి వేలాడదీసి, వచ్చినవాళ్ళకల్లా "ఇది మా సత్యం తోమినాడు," అని చూపించేది.

అంతా బాగానే ఉంది గానీ ఒక్క పద్ధతి నాకు మింగుడు పడలేదు. ప్రతి అద్దానికీ కింది మూల వేలెడంత మేర రుద్దకుండా వదిలెయ్యమనేది. ఆ మూల మీద వేలు పెట్టని బేరగాడు ఉండడు. "ఇదేటి, మసక?" అనగానే నా ధర పడిపోయేది. సరుకు మెరిపించి, దాని లోపాన్ని మనమే చూపించడం మా వంశంలో ఎవరూ చెయ్యని పని.

ఒకరోజు అప్ప ఎచ్చెర్లలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళింది. కొట్లో చిన్న వ్యానుకి పట్టే హెడ్‌లైట్ల జత ఉంది. పేస్టుతో రుద్దాను గానీ పూత డబ్బా అయిపోయింది. ఆవిడ లేదు కదా అని మూలలు కూడా శుభ్రంగా రుద్దేశాను. పది గంటలకి కళింగపట్నం నుంచి నూకరాజు వచ్చాడు. చేపలు వ్యానులో మార్కెట్టుకి తోలేవాడు, మాకు పాత ఖాతాదారు. అద్దాల్ని అటూ ఇటూ తిప్పి, మూలలు తడిమి, "ఎంత సావుకారూ?" అన్నాడు. సగానికి దిగడానికి చోటు ఉంచుకుని ఒక ధర చెప్పాను. మారుమాట లేకుండా ఇచ్చేసి వెళ్ళిపోయాడు. అనుమానం రావలసిన చోట నాకు గర్వం వచ్చింది.

మూడు గంటలకి అప్ప వచ్చింది. పట్టుచీర కూడా మార్చుకోకముందే నా ఘనత చెప్పుకున్నాను.

"నూకరాజు బేరమాడలేదా?" అంది.

"ఒక్క మాట ఆడితే ఒట్టు."

"మూల వదిలినావా?"

నేను పూత డబ్బా కోసం వెతుకుతున్నట్టు నటించాను.

"పూత కూడా వెయ్యకుండా అమ్మీసినావేట్రా? ఆడు తెల్లారకముందే బండి తీస్తాడు. ఆ ఉప్పుగాలికి అద్దం మూసుకుపోతే రోడ్డు మీద మనిషి ఎలాగ కనిపిస్తాడు? పద, ఎల్దాం."

"రేపు సెప్దామప్పా."

"రేపైతే ఎల్లుండంటావు. పద."

ఆవిడ స్కూటర్ వెనక, పాత ఇనుములా కూర్చుని వెళ్ళాను. కళింగపట్నంలో ఇసుక మీద చేపలు ఎండుతున్నాయి. నూకరాజు అప్పుడే వ్యానుకి లైట్లు బిగించి, భార్యకి చూపిస్తున్నాడు. అప్ప ఏమీ దాచలేదు. పాత అద్దాలనీ, పూత లేదనీ, మూలలు నేనే చెరిపేశాననీ చెప్పేసింది. నూకరాజు నన్ను చూశాడు.

"మీ కొట్లో పాతదైతే మూల మసక ఉంటాది కదా సావుకారూ. తడిమి సూసినాను, లేదు. కొత్తవే అనుకున్నాను. అందుకే బేరమాడలేదు."

నా జీవితంలో అంత నెగ్గిన బేరం లేదు. అంత ఓడినదీ లేదు. తీసుకున్నదాంట్లో సగం వెనక్కి ఇచ్చాను. వాడు ఈసారి బేరమాడి ఇంకొంచెం లాగాడు.

"ఇంట్లో పళ్ళపొడి ఉందా?" అని అప్ప అడిగింది. నూకరాజు భార్య డబ్బా తెచ్చి, "ఏటోలమ్మా, బండికి కూడా పల్లు తోముతారేటి?" అంది. అప్ప డబ్బా నా చేతికిచ్చి, "తోము. నీకు బాగా వచ్చిన పనే కదా," అంది. అంత కష్టపడి మెరిపించిన అద్దాల మూలల్ని, ఆ వాడవాళ్ళందరి ఎదుటా, నా వేలితో నేనే మళ్ళీ మసక చేశాను.

"రోజూ సూసే కంటికి మసక కమ్ముతుంటే తెలీదు నూకరాజూ," అంది అప్ప. "పొద్దు పోకముందు ఈ మూలని సూసుకో. మిగతా అద్దం ఇలాగైపోతే ఆ తెల్లవారి బండి తియ్యకు. నా కొట్టుకి రా, మల్లీ రుద్ది పూత వేసిస్తాను."

బంపరు మీద వదిలిన నాలుగో భాగం నాకు అప్పుడు అర్థమైంది. మూల వదలడం అమ్మేవాడి నిజాయితీ కోసమనుకుని చిరాకు పడ్డాను. అది కొన్నవాడి కళ్ళ కోసం. పదో వారంలో నూకరాజు వచ్చాడు. వ్యాను దిగుతూనే, "అప్పా, మూలా అద్దం ఒకటైపోనాయి," అన్నాడు.

పైడమ్మప్ప పోయి నాలుగేళ్ళయింది. మా ఈ కారుని చూడటానికి రేపు ఒకాయన వస్తానన్నాడు. వేలు ఎక్కడ పెడతాడో, ఎంత తగ్గించమంటాడో నాకు ఇప్పుడే తెలుసు. నాకూ తగ్గించాలని లేదు; పుట్టిన ఇల్లు అలాంటిది. గుడ్డ మూల దాకా వెళ్ళి ఆగింది.

మా ఆవిడ టీ గ్లాసుతో వచ్చి, వంగి చూసింది. "ఇక్కడ కొంచెం ఉండిపోనాది. రుద్దలేదేటి?"

"అది మనది కాదు," అన్నాను. "కొనేవాడిది."