గీత దాటిన మిలట్రీ లారీ

కాస్త ఇటు జరిగి కూర్చోండి. చేతిలో చిక్కుడుకాయలుంటే ఈనెలు తీసుకుంటూనే వినండి, నాకేం అభ్యంతరం లేదు. నందిగామలో అంతమంది కళ్ల ముందు ఏనుగంత లారీని నేను ఎలా ఆంబోతులా అచ్చోసి వదిలేశానో చెబుతాను. తోలింది నేను కాదు. ముట్టుకున్నాను, అంతే. నేను ముట్టుకోవడమే ఎక్కువైంది.

మాది జగ్గయ్యపేట పక్కన పల్లె. మా ఆయన మిలట్రీలో డ్రైవరుగా చేసి వచ్చారు. వచ్చిన మనిషి ఊరుకోక, వేలంలో ఒక పాత మిలట్రీ లారీని కొని తెచ్చారు. డెబ్భైల చివరి సంగతి. అది మా వాకిట్లోకి వచ్చిన రోజు నేను పొయ్యి మీద పాలు మరిచిపోయి బయటికొచ్చి నిలబడ్డాను. బూజు పట్టిన ఆకుపచ్చ రంగు. దున్నపోతు తల వంచినట్టు ముందుకు పొడుచుకొచ్చిన మూతి. చక్రం నా భుజం దాకా ఉంది. చేత్తో తాకితే వెచ్చగా తగిలింది. ఎండకే అనుకోండి, కానీ ప్రాణమున్నదాన్ని తాకినట్టు నాకు ఒళ్లు జలదరించింది.

మా మావగారు అరుగు మీంచి కదల్లేదు. ఎద్దులు లేని బండి ఆయన లెక్కలో బండే కాదు.

"ఒరే, ఇది మేతేం తింటది?"

"పెట్రోలు నాన్నా."

"పేడేస్తదా?"

"వెయ్యదు."

"మరి దేనికిరా ఇంట్లో?"

కాసేపటికి ఆయనే తీర్పు చెప్పారు. "నందిగామలో బ్రేకు ఇనస్పెక్టరు సరేనంటే ఉంచుకో. కాదన్నాడా, అట్నుంచటే పాత ఇనుం కొట్టుకి తోలెయ్యి."

లారీలకు రోడ్డెక్కే యోగ్యత ఉందో లేదో చూసే దొరని మా వైపు అలా అనేవాళ్లం. నేల మీద గీత గీసి అక్కడ ఆపమనేవాడు. ఆగితే పాసు. మా లారీకి ఆ ఆగడంతోనే పేచీ. బ్రేకు తొక్కితే చాలు, పుట్టింటి దారి కనబడ్డ కొత్తకోడలిలా ఎడమ పక్కకి లాగేది. మిరపకాయలు తోలతా, సున్నపురాయి తోలతా అని కలలు కంటున్న మా ఆయన ముఖం వత్తి తగ్గించిన లాంతరులా అయిపోయింది.

మర్నాడు జాకీ పెట్టి చక్రం ఊడదీసి, లోపలున్న డ్రమ్ము లాగారు. పెళ్లిళ్లలో పులుసు కాచే గుండిగంత ఉంది. వంగి చూసి అలాగే ఉండిపోయాను. రెండు ఇనుప చంద్రవంకలు, వీపులు చెరోవైపు తిప్పుకుని, మధ్యలో స్ప్రింగులతో కట్టేసి ఉన్నాయి. అంతే. ఇంకేం లేదు.

"ఏవండీ, ఇంత కొండని ఆపేది ఈ రెండేనా?"

"ఈ రెండే. కాలితో తొక్కితే విచ్చుకుని, డ్రమ్ముని లోపల్నుంచి అదిమి పట్టుకుంటాయి."

"మరి వీటిని తోసేదెవరు?"

"నూనె. బ్రేకాయిలు. ఈ సన్న గొట్టంలోంచి వచ్చి తోస్తది. అసలు ఆపేదంతా నూనే అనుకో."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకునే కొంప ముంచాను.

కుడి చక్రంలో నూనెని కారనీకుండా ఆపే రబ్బరు కప్పు చిరిగి నూనె కారిపోతోందని, అందుకే ఆ పక్క పట్టడం లేదని మా ఆయన తేల్చారు. నాలుగు చక్రాలూ విప్పి, చంద్రవంకలకు అంటించి ఉన్న లైనింగుని సాండుపేపరుతో రుద్ది, పెట్రోలుతో కడిగి, గోనెపట్టా మీద ఆరబెట్టారు. కొత్త కప్పుల కోసం బెజవాడ బస్సెక్కుతూ, "చూస్తుండు, తుప్పు పట్టనీకు," అన్నారు.

ఆయన వెళ్లాక వాటి పక్కన కూర్చున్నాను. ముట్టుకుంటే ఎండిన పిడకల్లా గరగరలాడాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. మా ఇంట్లో ఇనుము ఎండిపోయి ఉండటం నేనెరగను. కొడవలి చూరులో పెట్టేముందు ఆముదం. గడ్డపారకి ఆముదం. బండి చక్రానికి కందెన వెయ్యకుండా మావగారు పొలిమేర దాటింది లేదు. పైగా ఆపేదంతా నూనే అని కట్టుకున్నవాడే చెప్పె. లోపలున్న కాసింత నూనెతోనే కొండ ఆగితే, పైన కూడా పట్టిస్తే ఇంకెంత బాగా ఆగాలి?

ఆముదం ముంత తెచ్చాను. పసిపిల్లకి తలంటినట్టు ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకుని మర్దనా చేశాను. ఎంత పోస్తే అంతా తాగేశాయి. పాపం ఎన్నాళ్ల దాహమో అనుకున్నాను. పైన పొడిగుడ్డతో తుడిచి నిగనిగలాడించాను.

మావగారు అరుగు మీంచి చూసి, "అదీ. ఆ మాత్రం మావాడికి తోచలా," అన్నారు. కాపురానికొచ్చాక ఆయన నోట విన్న మొదటి మెప్పు అది. గాల్లో తేలాను.

మా ఆయన తిరిగొచ్చేసరికి కోళ్లు గోనెపట్టా మీద తిరిగి స్ప్రింగులన్నీ కలిపేశాయి. ఆయన తల పట్టుకున్నారు. నేను మూడో క్లాసు కూడా దాటలేదు గానీ, ఒకసారి చూసింది మరిచిపోను.

"ఆ కొక్కెం వంగింది ముందు ఎడమ చక్రానిదండీ. నీలం రంగు మిగిలింది వెనక కుడిది. వంకర లోపలికుండాలి."

ఆయన అలా పెడుతూ, "నిన్ను మిలట్రీలో చేర్చుకోవాల్సిందే," అన్నారు. చంద్రవంకలు చూసి, "బాగా తుడిచావే," అని కూడా అన్నారు. ఆయనకి జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంది. అది లారీ రాత.

తర్వాత గొట్టాల్లోంచి గాలి తీసే పని. ఆయన చక్రం కింద, నేను పైన, బ్రేకు మీద రెండు కాళ్లతో.

"తొక్కు."

"తొక్కా."

"పట్టు. పట్టమంటే వదిలావేంటే?"

"చీమ కుట్టిందండీ."

తెల్లారి బయల్దేరాం. పాసైతే వచ్చేటప్పుడు వేదాద్రి స్వామికి కొట్టాలని నా ఒళ్లో కొబ్బరికాయ. మొదట్లో బాగానే ఆగింది. పోనుపోను బ్రేకు జారుతుంటే, "కొత్త కప్పులు, సర్దుకుంటాయిలే," అన్నారు. నందిగామ దగ్గరికొచ్చేసరికి కమ్మగా వాసన. "ఎవరో ఆముదం వండుతున్నారండీ," అన్నాను. అంత అమాయకురాలిని.

అక్కడ ఖాళీ స్థలంలో ఇనస్పెక్టరు గారు సున్నంతో గీత గీయించారు. గీతకి అవతల కుర్చీ. కుర్చీ వెనక, దూరంగా గడ్డివామి. నేను కొబ్బరికాయ పట్టుకుని పక్కన నిలబడ్డాను.

లారీ వచ్చింది. స్వామి రథం కదిలినట్టు వచ్చింది. చుట్టూ చేరిన జనం దారిచ్చి పక్కకి జరిగారు. గీత దగ్గరికొచ్చింది. గీత మీదికొచ్చింది. గీత దాటింది. మా ఆయన బ్రేకు మీద లేచి నిలబడి ఉన్నారు. ఇనస్పెక్టరు గారు కుర్చీ వదిలి పక్కకి తప్పుకున్నారు. ఆయన ముందు నుంచి పోతూ ఏం చెయ్యాలో తోచక మా ఆయన సెల్యూటు కొట్టారు. అలవాటున ఇనస్పెక్టరు గారూ తిరిగి కొట్టారు. కుర్చీని మూతితో నెట్టుకుంటూ పోయి లారీ గడ్డివామిలో తల దూర్చి ఆగింది.

నాలుగు చక్రాల్లోంచీ పొగ. ఇనస్పెక్టరు గారు ముక్కెగబీల్చారు.

"ఏంటిది, ఆముదం వాసన?"

"అవునండి," అన్నాను.

"నీకెలా తెలుసమ్మా?"

"మాదేనండి. మా చేలో పండిందే."

మా ఆయన గడ్డిలోంచి దిగి వచ్చారు. "ఏం చేశావే?"

"ఆపేదంతా నూనే అన్నారుగా. ఎండిపోయున్నాయని నాలుగింటికీ పట్టించా."

"లోపలుండాలే నూనె. బయటికి కారబట్టే కదే అసలు కుడి చక్రం పట్టంది."

అప్పుడు తెలిసింది. ఒక చక్రానికున్న రోగాన్ని నేను నాలుగింటికీ సమంగా పంచాను. ఇంక ఎడమకి లాగదు, కుడికి లాగదు, తిన్నగా పోతుంది. ఎక్కడిదాకానైనా పోతుంది.

మా ఆయన లారీని నిమిరి, "ఇంక పాతినుమేలే," అన్నారు మెల్లగా. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఇనస్పెక్టరు గారు మాత్రం గడ్డిలోంచి కుర్చీ లాక్కుని, అందులో కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వారు. "సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానయ్యా. ఆపి చూపించు, చూస్తా."

మళ్లీ విప్పాం. టీ కొట్టు బొగ్గుల పొయ్యి మీద చంద్రవంకలని అప్పడాల్లా కాలిస్తే, నేను తాగించిన ఆముదమంతా కక్కాయి. పెట్రోలుతో కడిగి, సాండుపేపరు పెట్టి రుద్దీ రుద్దీ బిగించాం. సిగ్గుతో నేను అటు తిరిగే చెప్పాను, ఏ స్ప్రింగు ఎక్కడో.

"చూడకుండా చెబుతోందేంటయ్యా?" అన్నారు ఇనస్పెక్టరు గారు.

"అంతేనండి. దానికన్నీ గుర్తుంటాయి. అదే నా ఖర్మ."

పొద్దువాలుతుండగా లారీ మళ్లీ వచ్చింది. ఈసారి కుర్చీ ముందే తీసేశారు. గీత దగ్గర కీచుమని కేకేసి, చక్రానికి సున్నం అంటీ అంటకుండా నిలబడిపోయింది. నేను వంగి చక్రం వంకే చూశాను. ఆ లోపల, ఎవరికీ కనబడకుండా, జానెడు చంద్రవంకలు విచ్చుకుని అంత కొండనీ ఒడిసి పట్టుకున్నాయి. గుళ్లో హారతి వేళ దణ్ణం పెట్టుకున్నట్టు చేతులు వాటంతటవే కలిశాయి.

"పాసు," అన్నారు.

వేదాద్రిలో కొబ్బరికాయ కొట్టి ఇంటికొచ్చాం. వాకిట్లో లారీ కీచుమని ఆగింది. మావగారు అరుగు మీంచి కేకేశారు.

"ఆ అరుపేంట్రా? ఏం అమ్మాయ్, ముంతలో ఆముదం అయిపోయిందా?"

మా ఆయన నా వంక చూశారు. నేను ముంత చంకనేసుకుని పెరట్లోకి పరిగెత్తాను. ఆనాడే వేదాద్రి స్వామి సాక్షిగా ప్రమాణం చేశాను: ఆముదం దీపానికి, పసిపిల్లల మాడుకి, కొడవలికి. గుండ్రంగా తిరిగేది ఏది కనబడినా, అది తిరగలైనా సరే, చేతులు వెనక్కి కట్టుకుంటాను. ఇప్పటికీ మనవడి సైకిలు పక్కనుంచి అలాగే నడుస్తాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ బళ్లు కదలాల్సిన చోట కదిలి, ఆగాల్సిన చోట ఆగాలి. మీ ఇంటి ముంతలో ఆముదం నిండుగా ఉండాలి. చక్రాలకి దూరంగా.